వెయ్యి పక్షులు, ఒక్క ఇల్లు

ఆ మధ్య ఒక పాఠశాలవారు పక్షుల గురించి నాలుగు మాటలు చెప్పమంటే వెళ్ళాను. అండమాన్ దగ్గరి నార్కొండం దీవి గురించి, ఆ దీవిలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని ఒక పెద్దముక్కు పక్షి గురించి చెబుతూ, "దీనికి ముప్పు ఉంది" అన్నాను. వెనక బల్ల మీద నుంచి ఎనిమిదో తరగతి అమ్మాయి లేచింది.

"ఇప్పుడు ఎన్ని పక్షులున్నాయండీ?"

"వెయ్యి దాకా ఉన్నాయి."

"ఇదివరకు ఎన్నుండేవి?"

"పాత లెక్కల్లో మూడు నాలుగు వందలు."

"మరి పెరిగాయి కదండీ! పెరిగేదానికి ముప్పేమిటి?"

తరగతి గది అంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఏదో సర్దిచెప్పబోయాను గాని ఇంతలో గంట కొట్టారు. తిరిగి వస్తూ బస్సులో ఆలోచిస్తే, ఆ అమ్మాయి అడిగినది అల్లరి ప్రశ్న కాదనీ, పెద్దవాళ్ళు కూడా తరచుగా తప్పు జవాబు చెప్పే ప్రశ్న అనీ తోచింది. ఆమెకు బాకీపడ్డ జవాబు ఇప్పుడు మీ అందరికీ చెబుతున్నాను.

ముందు ఆ దీవి ఎక్కడుందో చూద్దాం. మీ అట్లాసు తీయండి. బంగాళాఖాతంలో అండమాన్ దీవులు పైనుంచి కిందికి తోరణంలా వేలాడుతూ కనిపిస్తాయి. మనవాళ్ళు చాలామంది విశాఖపట్నంలో ఓడ ఎక్కి అక్కడికి వెళ్ళి స్థిరపడ్డారు. శ్రీ విజయపురంలో (2024 దాకా దాని పేరు పోర్ట్ బ్లెయిర్) బజారులో నడిస్తే తెలుగు మాట వినబడుతుంది. శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళిన జాలరి కుటుంబాలు అక్కడ తరాల తరబడి ఉన్నాయి. ఆ తోరణంలోని ఉత్తర అండమాన్ నుంచి తూర్పుగా, సముద్రం మీద వంద కిలోమీటర్లు దాటి వెళితే, ఒంటరిగా ఒక చుక్క కనిపిస్తుంది. కొన్ని అట్లాసుల్లో అదీ కనిపించదు. అదే నార్కొండం.

ఆ పేరు వినగానే మన చెవికి ‘నరకకుండం’ అని వినబడుతుంది కదూ? పేరు అలాగే పుట్టిందని చెప్పేవారున్నారు. ఎందుకంటే ఆ దీవి ఒక అగ్నిపర్వతం. ఇప్పుడు నిద్రపోతున్నదనుకోండి. దానికి దక్షిణంగా ఉన్న బారెన్ దీవి మాత్రం ఇప్పటికీ అప్పుడప్పుడు నిప్పులు కక్కుతూనే ఉంటుంది. అసలు నరకకుండం అన్న పేరు దానిదేననీ, నావికుల పొరపాటు వల్ల దీనికి అంటుకున్నదనీ కొందరంటారు. అది నిజమే అయివుండాలని నాకనిపిస్తుంది. ఎందుకంటే నార్కొండంలో నరకం పోలికలేమీ లేవు. సముద్రంలోంచి నిటారుగా 710 మీటర్ల ఎత్తుకు లేచిన కొండ. అడుగు నుంచి శిఖరం దాకా దట్టమైన పచ్చని అడవి. పడవ ఆపడానికి వీలైన చోట్లు కూడా బహు తక్కువ.

దీవి వైశాల్యం ఎంతో చెబితే నవ్వుతారు. ఏడు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. హైదరాబాదు చూసినవారికి సులభంగా చెప్పాలంటే, హుస్సేన్‌సాగర్ చెరువు కంటే కాస్త పెద్దది. అంతే! ఒక పక్షిజాతికి ఈ భూగోళం మీద ఉన్న మొత్తం ఆస్తి అది.

ఇక ఆ పక్షి సంగతి. ఇంగ్లీషులో హార్న్‌బిల్ అంటారు. మనం కొమ్ముముక్కు పక్షి అనుకుందాం. ఈ కుటుంబంలోని పక్షులు మనకు కొత్తవి కావు. బూడిదరంగువి మన అడవుల్లోనూ, పెద్ద చెట్లున్న ఊళ్ళలోనూ కనిపిస్తాయి. పాపికొండల వైపు వెళితే నలుపు తెలుపు రంగులు కలిసిన పెద్ద రకం కూడా అదృష్టవంతులకు కనబడుతుంది. నార్కొండం పక్షిది ఒళ్ళంతా నలుపు, తోక తెలుపు, గొంతు కింద నీలిరంగు తోలు. మగపక్షికి తల, మెడ ఇటుకరంగులో ఉంటాయి. ఆడపక్షికి అవీ నలుపే. దూరం నుంచే ఆలుమగలను గుర్తుపట్టవచ్చునన్నమాట. 1873లో ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు ఏ.ఓ.హ్యూమ్. ఔను, మీ సాంఘికశాస్త్రం పుస్తకంలో ఉండే హ్యూమే! 1885లో భారత జాతీయ కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్నాడే, ఆయనే. అంతకు పన్నెండేళ్ళ ముందు ఆయన ఈ పక్షికి పేరు పెట్టాడని ఆ పుస్తకంలో రాయరు. రాస్తే బాగుండును.

ఇందులో ఒక చిక్కుముడి ఉంది. అండమాన్ దీవులు ఎంత పెద్దవి, ఎంత అడవి! వాటిలో ఎక్కడా కొమ్ముముక్కు పక్షి లేదు. ఈ ఏడు చదరపు కిలోమీటర్ల రాతిముక్క మీద మాత్రమే ఉంది. ఎప్పుడో ఏ గాలివానకో దారితప్పి కొన్ని పక్షులు తూర్పు తీరం వైపు నుంచి వచ్చి ఇక్కడ వాలివుంటాయని ఊహ. ఎలా వచ్చినా, వచ్చినవి ఇక్కడే ఉండిపోయి, తరతరాలుగా మారుతూ, ఒక వేరే జాతి అయ్యాయి.

సముద్రం మధ్య లేచిన అగ్నిపర్వతం మీదికి అడవి ఎలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? అది ఏ ఖండం నుంచీ విడిపోయిన ముక్క కాదు. మొదట ఉన్నది రాయీ బూడిదా. ప్రతి చెట్టూ సముద్రం దాటి రావలసిందే. కొబ్బరికాయ తేలుతూ వస్తుంది. నూగుగింజ గాలిలో వస్తుంది. మిగిలినవెన్నో పక్షి కడుపులో వస్తాయి. వచ్చినవి తీరంలోనే ఉండిపోతే కొండ ఎక్కేదెవరు? వాటిని మోసి కొండమీదికి చల్లేదెవరు?

ఇక్కడే మన కొమ్ముముక్కు పక్షి పని మొదలవుతుంది. దాని ముఖ్యాహారం పండ్లు, అందులోనూ మర్రి, రావి, మేడి, జువ్వి కుటుంబానికి చెందిన చెట్ల పండ్లు. మేడిపండు మీద వేమన పద్యం మీకు కంఠస్థమే కనుక మళ్ళీ చెప్పను. కాని ఆ పండులోని పురుగుల గురించి శాస్త్రజ్ఞులు చెప్పే కథ వేరు. మేడిపండు అనేది నిజానికి ఒక సంచి. దాని పూలన్నీ లోపలివైపుకు పూస్తాయి. ఒక చిన్న కందిరీగ, చీమ కంటే చిన్నది, సన్నని రంధ్రంలోంచి లోపలికి దూరి, ఆ పూలను పరాగసంపర్కం చేసి, అక్కడే గుడ్లు పెడుతుంది. ఆ కుటుంబంలో దాదాపు ప్రతి జాతి చెట్టుకూ దానికంటూ సొంత కందిరీగ జాతి ఉంటుంది. ఆ పురుగు లేకపోతే ఆ చెట్టుకు గింజ లేదు. వేమన మీద నాకు గౌరవం తగ్గలేదు గాని, ఈ ఒక్క విషయంలో పురుగు పక్షాన ఉండక తప్పదు.

ఈ చెట్లలో ఇంకో గుణం ఉంది. మామిడిలాగా ఊరంతా ఒకేసారి కాయవు. ఈ నెల ఈ చెట్టు పండితే, వచ్చే నెల ఆ చెట్టు పండుతుంది. కనుక అడవిలో ఏ నెలలో చూసినా ఎక్కడో ఒకచోట పండ్లుంటాయి. నార్కొండంలో ఇవి బాగా ఎక్కువ. 2019-20 చలికాలంలో మన దేశపు పరిశోధకులు ఆ దీవిలో ఉండి, అక్కడి అడవిని ప్రధాన భూభాగంలోని అడవితో పోల్చి చూశారు. పెద్ద అడవుల్లో పండు తిని గింజ చల్లే పక్షులు ఎన్నో రకాలుంటాయి; ఒకటి రాకపోతే ఇంకొకటి వస్తుంది. ఈ దీవిలో అన్ని రకాలు లేవు. ఆ పనిలో సింహభాగం కొమ్ముముక్కు పక్షిదీ, మన కోయిలదీ. పాట పాడుతుందని కవులు పొగిడే కోయిల అక్కడ తోటమాలి కూడానన్నమాట! పండు పెద్దదైతే కోయిల గొంతు పట్టదు. అప్పుడు పెద్దముక్కుదే భారం. అది పండును మింగి, ఎగిరిపోయి, మరెక్కడో గింజను కక్కుతుంది. దానికి అడవి కావాలి. అడవికి అది కావాలి.

అదే కాలంలో వేసిన లెక్కలే పక్షులు వెయ్యికి పైన ఉన్నాయని చెప్పాయి. అంటే చదరపు కిలోమీటరుకు 150 దాకా. కొమ్ముముక్కు పక్షులు ఇంత కిక్కిరిసి ఉండే చోటు ప్రపంచంలో అరుదు. పాత లెక్కలకూ ఈ లెక్కకూ పద్ధతుల్లో తేడా ఉంది కనుక, పెరుగుదల అంతా నిజమైన పెరుగుదలే అనుకోకూడదు. అయినా పక్షులు బాగున్నాయన్నది నిజం. ఆ అమ్మాయి మాటలో సగం న్యాయం ఉంది.

మిగతా సగం చెప్పడానికి ముందు, పక్షి గూడు సంగతి చెప్పాలి. ఇది చాలా ముఖ్యం.

ఎండలు ముదరకముందు ఆడపక్షి ఒక పెద్ద చెట్టు తొర్ర వెదుక్కుంటుంది. వడ్రంగిపిట్టలాగా తొలుచుకోవడం దానికి చేతకాదు. కొమ్మ విరిగినచోట, మాను పుచ్చినచోట దానంతట అది ఏర్పడ్డ తొర్రే కావాలి. అది మనిషి నడుం కంటే ఎంతో లావైన ముసలి చెట్లలోనే ఉంటుంది. ఆడపక్షి లోపలికి పోయి, తన రెట్టతోనూ పండ్ల పిప్పితోనూ తలుపు మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు మాత్రం వదులుతుంది. తర్వాత ఎగిరే ఈకలు రాల్చేస్తుంది. ఇక ఆమె ఖైదీ. మగపక్షి పండ్లు మింగి తెచ్చి, చెట్టుకు వాలి, గొంతులోంచి ఒక్కొక్కటే పైకి తెచ్చి ఆ సందులోంచి అందిస్తుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే ఉద్యోగం. పిల్ల ఎదిగేదాకా వారాల తరబడి ఇలాగే. ఇప్పుడు చెప్పండి: ఆ కాలంలో ఎవరైనా ఒక మగపక్షిని కొడితే, పోయేది ఒక్క ప్రాణమేనా?

కొట్టేవారెవరు, మనుషులు లేని దీవిలో? అంటారేమో. ఆ దీవిలో ఊరు లేదు గాని, 1960ల చివర ఒక పోలీసు ఠాణా వెలిసింది. దేశ సరిహద్దు కదా! దానికి ఉత్తరాన ఉన్న కోకో దీవులు మయన్మారువి. కాపలా ఉండాల్సిందే. కొద్దిమంది మనుషులు, ఇంటికి దూరంగా, నెలల తరబడి సముద్రం చూస్తూ బతకడం ఏమంత సులభం కాదు. పడవ రావడం ఆలస్యమైతే సరుకులు అయిపోతాయి. అందుకని 1970లలో మాంసానికీ పాలకూ పనికొస్తాయని కొన్ని మేకలను తెచ్చి వదిలారు. ఎవరి మనసులోనూ చెడు లేదు. మన ఇళ్ళల్లోనైనా అదే ఆలోచన వచ్చేది.

మేక అంటే మీకు తెలియనిదా? దానికి నోటికి అందని ఆకు లేదు. దీవిలో దాన్ని తినే మృగం లేదు. పొట్టేళ్ళు, పోతులు, పిల్లలు, పిల్లల పిల్లలు! 1990ల చివరికి అవి వందల్లోకి వెళ్ళాయి. అప్పుడు అక్కడికి వెళ్ళి చూసినవారిలో రవి శంకరన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడొకరు. ఠాణావారు పక్షులను కూరకు కొడుతున్నారనీ, మేకలు అడవిని మేసేస్తున్నాయనీ ఆయన, ఆయనవంటి మరికొందరు రాతపూర్వకంగా తెలియజేశారు. ఆ దీవి 1977 నుంచే అభయారణ్యం. పక్షి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉంది. కాగితం మీద రక్షణ అప్పటికే పూర్తిగా ఉందన్నమాట. మేక కాగితాన్ని కూడా తింటుంది.

ఈ మేకల కథలో నన్ను భయపెట్టేది ఆకులు తినడం కాదు, ఆలస్యం. పెద్ద చెట్లను మేక ఏమీ చేయలేదు. అది తినేది మొలకలను. కనుక పైనుంచి చూసినవారికి అడవి పచ్చగానే ఉంటుంది. పక్షి గూడు పెట్టుకుంటూనే ఉంటుంది. లెక్క పెడితే సంఖ్య తగ్గినట్టు కూడా కనబడకపోవచ్చు. కాని కింద నేల మీద ముందుతరం చెట్టు లేదు. ముసలివాళ్ళు తప్ప ఒక్క పసిబిడ్డా లేని ఊరిని ఊహించుకోండి. ఈ రోజు ఆ ఊరికి ఏం లోటు? అందరూ ఉన్నారు, పొయ్యిలు వెలుగుతున్నాయి. ఇంకో అరవై ఏళ్ళకు చూడండి. ముసలి చెట్టు కూలినరోజున తొర్ర కూడా కూలుతుంది. ఆ చోట ఇంకో చెట్టు ఉండదు. అప్పుడు మేకలను తీసేసినా లాభం లేదు.

అదృష్టవశాత్తు అంతదాకా రాలేదు. తర్వాతి సంవత్సరాల్లో మేకలను పట్టి దీవి నుంచి తరలించారు. వేట ఆగింది. మొలకలు లేచాయి. ఈనాటి వెయ్యి పక్షులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. కొందరు శాస్త్రజ్ఞులు మొండిగా రాసిన నివేదికల వల్ల, కొందరు అధికారులు వాటిని చదివినందువల్ల వచ్చాయి. నివేదికలు చదివే అధికారుల గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. నేనైనా ఈ ఒక్క వాక్యం రాస్తున్నాను.

ఇప్పుడు అమ్మాయి ప్రశ్నకు వద్దాం.

మీ ఇంట్లో వ్యవసాయం ఉంటే మీ తాతగారిని అడగండి. వచ్చే ఏటికి విత్తనం వడ్లు పది బస్తాలు దాచాలి. పదీ ఒకే గాదెలో పోస్తారా? గాదె పెద్దదే, గట్టిదే. వడ్లు పది కాదు, ఇరవై బస్తాలున్నా సరే, ఒక నిప్పురవ్వ చాలు. అదే రెండేసి బస్తాలు అయిదుగురి ఇళ్ళలో ఉంటే? బస్తాల సంఖ్య ఒకటే. భద్రత ఒకటి కాదు. మనం జీవజాతుల విషయంలో బస్తాలు లెక్కపెట్టి సంతోషిస్తున్నాం. గాదెలెన్నో లెక్కపెట్టడం లేదు.

ఈ తేడా శాస్త్రజ్ఞులకు తెలుసు. ప్రపంచంలోని జీవజాతులకు ప్రమాదం ఎంత ఉందో చెప్పే ‘ఎర్ర జాబితా’ ఒకటుంది. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం దాన్ని తయారుచేస్తుంది. అందులో ఒక నియమం ఇలా ఉంటుంది: ఒక జాతి నివసించే చోటు చాలా చిన్నదైతే, ఉదాహరణకు 20 చదరపు కిలోమీటర్ల లోపయితే, లేక అది అయిదుకు మించని చోట్లలోనే ఉంటే, ఒక్క దెబ్బతో దానికి కీడు జరిగే అవకాశం ఉంటే, సంఖ్య తగ్గకపోయినా దాన్ని ‘ముప్పు పొంచివున్న’ జాతిగా పరిగణించవచ్చు. మన పక్షికి 20 కాదు, 7 కూడా లేవు. అయిదు చోట్లు కాదు, ఒక్కటే. కనుక అది వెయ్యి ఉన్నా, రెండువేలు అయినా, ఆ జాబితాలోంచి దాని పేరు కొట్టేయమని అడగడం తొందరపాటని నా అభిప్రాయం. పైగా రెండువేలు కావడం కూడా కష్టమే. ఏడు చదరపు కిలోమీటర్లలో ఎన్ని తొర్రలుంటాయి? ఇల్లు నిండింది.

ఒక్క దెబ్బ అంటున్నానే, ఎలాంటి దెబ్బ? తుపాను కావచ్చు, నిప్పు కావచ్చు, కొత్త రోగం కావచ్చు, అగ్నిపర్వతం నిద్ర లేవవచ్చు. వీటిలో కొన్ని మన చేతిలో లేవు. మన చేతిలో ఉన్నదాని గురించి రెండు కథలు చెబుతాను.

న్యూజీలాండు దగ్గర స్టీఫెన్స్ అనే చిన్న దీవి ఉంది. నార్కొండంలో నాలుగోవంతు కూడా ఉండదు. అక్కడ ఎగరడం మరిచిపోయిన ఒక చిట్టి పిట్ట ఉండేది. 1894లో ఆ దీవిలో దీపస్తంభం వెలిగింది. ఓడలకు దారి చూపడానికి కట్టిన మంచి కట్టడం. దానితోపాటు కాపలావారు వచ్చారు. వారితోపాటు పిల్లి వచ్చింది. ఒకే ఒక్క పిల్లి ఆ జాతిని తుడిచిపెట్టిందని కథగా చెబుతారు గాని, నిజానికి పిల్లులు ఒకటికి మించే ఉన్నాయి. ఏమైతేనేం, ఒకటి రెండేళ్ళలోనే ఆ పిట్ట దాదాపు కనబడకుండా పోయింది. దాన్ని శాస్త్రం గుర్తించడం, పోగొట్టుకోవడం కొంచెం అటూ ఇటుగా ఒకేసారి జరిగాయి.

రెండోది పసిఫిక్ సముద్రంలోని గువామ్ దీవి. నార్కొండం వంటివి ఎనభై పడతాయి అందులో. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల్లో సైనిక సరుకుల్లో దాక్కుని న్యూగినీ వైపు నుంచి గోధుమరంగు చెట్టుపాము ఒకటి వచ్చింది. ఎవరూ గమనించలేదు. గమనించేసరికి 1980లు వచ్చాయి. ఆ దీవికి చెందిన అడవిపక్షుల్లో చాలా జాతులు అక్కడ మాయమయ్యాయి. కొన్నింటిని ఆఖరి నిమిషంలో పట్టి పంజరాల్లో పెంచి బతికించారు.

ఈ కథలు ఎందుకు చెప్పానో ఊహించే ఉంటారు. మన తీర రక్షక దళం నార్కొండం మీద రాడార్ పెట్టాలని కోరింది. రాడార్‌తోపాటు దానికి కరెంటు ఇచ్చే డీజిలు యంత్రాలు, అక్కడికి చేరడానికి దారి. పక్షి మూలంగా 2012లో పర్యావరణ మంత్రిత్వ శాఖ కాదంది. 2014లో సరేనంది. ఈ రెండు నిర్ణయాల మీద చాలా వాదోపవాదాలు జరిగాయి. ఒకవైపు వాళ్ళు ‘దేశం కంటే పక్షి ఎక్కువా?’ అన్నారు. రెండోవైపు వాళ్ళు ‘రాడార్ వేరేచోట పెట్టకూడదా?’ అన్నారు.

నన్నడిగితే మొదటి ప్రశ్న సరైన ప్రశ్న కాదు. సరిహద్దు కాపాడడమంటే సరిహద్దులో ఉన్నదాన్ని కాపాడడం కూడా కదా! ఆ పక్షి భారతదేశంలో తప్ప మరెక్కడా లేదు. అది మన ఆస్తి. రెండో ప్రశ్న సరైనదే గాని, అందరూ అక్కడే ఆగిపోయారు. రాడార్ ఎంత చోటు ఆక్రమిస్తుంది, ఎన్ని చెట్లు కొడతారు అని హెక్టార్లు లెక్కవేశారు. అడిగిన స్థలం నిజంగానే చిన్నది. కాని దీపస్తంభం ఎంత స్థలం ఆక్రమించింది? దీపస్తంభం పిట్టను తినలేదు. పిల్లి తిన్నది. గువామ్‌లో పెట్టె పక్షిని తినలేదు. పెట్టెలోది తిన్నది. కట్టడం కొలతలు కాదు మనం కొలవాల్సింది; దానితోపాటు ఏమేం దిగుతున్నాయో చూడాలి. ఇసుకబస్తాలో ఎలుక ఉందా, దుంగల్లో పాము ఉందా, ఎండుగడ్డిలో కలుపుగింజ ఉందా? ఎక్కువ సరుకు వచ్చేకొద్దీ ఎక్కువసార్లు పడవ వస్తుంది. ఎక్కువసార్లు వచ్చేకొద్దీ ఏదో ఒకనాడు ఏదో ఒకటి దిగుతుంది.

కనుక నేను కోరేది ఇది. నార్కొండానికి వెళ్ళే ప్రతి పెట్టెనూ, ప్రతి మూటనూ ఓడ ఎక్కించకముందే విప్పి చూడాలి. విమానాశ్రయంలో మన సంచులు చూస్తారే, అలాగ. మేక, కుక్క, పిల్లి, కోడి, ఏదీ దిగకూడదు. ఠాణాలో ఉండేవారికి తిండి సరిగ్గా, సమయానికి అందాలి. ఆకలిగా ఉన్నవాడికి పక్షి గొప్పదనం చెప్పి లాభం లేదు. అక్కడికి బదిలీ అయి వెళ్ళే ప్రతి ఒక్కరికీ, ఆ దీవిలో ఏముందో ఒక పూట కూర్చోబెట్టి చెప్పాలి. నా ఉద్దేశంలో ఆ పక్షికి భూమ్మీద ఉన్న ఇరుగుపొరుగు వాళ్ళే. గూళ్ళు చూడడం, లెక్కపెట్టడం వాళ్ళకు నేర్పితే, ఏ పరిశోధకుడూ ఉండలేనంత కాలం వాళ్ళు అక్కడ ఉంటారు. ఇవన్నీ రాడార్ ఉన్నా చేయాలి, లేకపోయినా చేయాలి.

‘గాదెలు పెంచాలంటున్నారు గదా, మరి కొన్ని జతలను పట్టుకెళ్ళి ఇంకో దీవిలో వదిలేస్తే సరిపోదా?’ అని మీలో చురుకైనవారు ఈపాటికి అడుగుతూ ఉంటారు. మంచి ఆలోచనలాగే కనిపిస్తుంది. నేనూ కొంతకాలం అలాగే అనుకున్నాను. కాని అండమాన్ చరిత్ర చూస్తే ధైర్యం చాలదు. బ్రిటిషువారు వేటకోసం చుక్కల జింకలను తెచ్చి వదిలారు; అవి దీవి నుంచి దీవికి ఈదుకుంటూ వెళ్ళి అడవి మొలకలను ఈనాటికీ తింటూనే ఉన్నాయి. 1960లలో కలప వ్యాపారం దెబ్బతిని ఇంటర్‌వ్యూ దీవిలో వదిలేసిన ఏనుగులు అక్కడి అడవి రూపాన్నే మార్చాయి. జింకగాని, ఏనుగుగాని చెడ్డవి కావు. ఆ చోటు వాటిది కాదు, అంతే. కొమ్ముముక్కు పక్షి గింజలు చల్లేది గదా, మేలే చేస్తుంది అనుకుందామా? దీవి మారితే అది తినే పండు మారుతుంది. తొర్రల కోసం అక్కడి చిలకలతో, మైనాలతో పోట్లాడవలసి వస్తుంది. ఎవరు గెలుస్తారో ముందుగా ఎవరు చెప్పగలరు? గువామ్‌వారిలాగా వేరే దారి లేనప్పుడు చేయవలసిన పని అది. ఇల్లు బాగానే ఉండగా, ముందు ఇంటి తలుపు గట్టిగా వేసుకోవడం తెలివి.

అయితే ఇక్కడ నా వాదనలో ఒక బలహీనత ఉన్నదని ఒప్పుకుంటాను. అగ్నిపర్వతానికి తలుపు వేయలేం. రేపు అది నిద్ర లేస్తే, పంజరంలోనైనా నాలుగు జతలు ఉంటే బాగుండునే అని నన్ను నిందించవచ్చు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పదేళ్ళకో నూరేళ్ళకో వచ్చే అగ్ని ఒకవైపు, రేపటి పడవలో రాగల ఎలుక ఒకవైపు. ముందు రెండోదానికి తాళం వేయాలంటున్నాను. వెనక బల్ల మీద కూర్చునేవాళ్ళకు ఇంతకంటే మంచి జవాబు తోస్తే సంపాదకులకు రాయండి. చిరునామా రెండో పేజీలో ఉంది.